చింతల మోపు

పఠన భాగములు: మత్తయి 6:24–34, ఫిలిప్పీయులకు 4:1–7, 1 పేతురు 5:5–7



చిత అను మాటకును చింత అను మాటకును నడుమ భేదము ఒక్క సున్న మాత్రమే యని మన పెద్దలు చెప్పుదురు. చిత చచ్చినవానిని ఒక్కసారి కాల్చును. చింత బ్రదికియున్నవానిని దినదినము కాల్చును. ఈ మాట నిజమని ఎరుగని ఇల్లు మన గ్రామములలో లేదు. మిరపతోటకు తెచ్చిన అప్పు, ఎండిపోయిన బోరు, నెల నెల కట్టవలసిన గ్రూపు లోను వాయిదా, పెండ్లి కెదిగిన కుమార్తె, గల్ఫు దేశమునకు పోయి రెండు నెలలుగా ఫోను చేయని కుమారుడు — ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్క తీరున చింత కాపురము చేయుచున్నది. సముద్ర తీరమున 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచినవారిలో, కార్తీకమాసమున గాలి లేచినప్పుడెల్ల గుండె దడదడలాడువారు నేటికిని కలరు.

ఆదివారమున ఆరాధనలో పాటలు పాడి, ఆశీర్వాదము పొంది, ఇంటికి వచ్చి, ఆ రాత్రియే నిద్ర పట్టక ఇంటి దూలములు లెక్కపెట్టువారు మన సంఘములలో అనేకులున్నారు. వారు దేవుని నమ్మనివారు కారు. నమ్ముచునే కలతపడుచున్నారు. అట్టివారిలో ఒక సహోదరి ధైర్యము చేసి తన మనోవేదన చెప్పుకొనిన యెడల మనము చెప్పు మాట ఏది? "అమ్మా, నీకు విశ్వాసము చాలదు. చింతపడుట పాపము. ప్రార్థన చేసికొనుము" అందుము. ఆమె తల వంచుకొని పోవును. మునుపు ఒక్క చింత యుండగా ఇప్పుడు రెండాయెను: అప్పును గూర్చిన చింత ఒకటి, తనకు విశ్వాసమే లేదేమో యను చింత మరియొకటి. ఆ మీదట ఆమె కూటములో నోరు విప్పదు. ఇట్లు మూతపడిన నోళ్లు తమ సంఘములో ఎన్ని యున్నవో కాపరులును పెద్దలును విచారించుట మంచిది.

చింతపడవద్దని ప్రభువు చెప్పిన మాట ఆదరణకై చెప్పబడినది. చింతపడువారిని కొట్టుటకు అది మన చేతికి కఱ్ఱగా ఇయ్యబడలేదు. లేఖనములు ఈ సంగతిని ఎట్లు తెలుపుచున్నవో ఈ నెల పాఠములో చూతము.

ప్రభువు ఎవరితో మాటలాడెను?

మత్తయి 6వ అధ్యాయములోని మాటలు కొండమీద చెప్పబడినవి. వినుచున్నవారిలో మేడలలో నుండువారు ఎక్కువమంది లేరు. గలిలయ జాలరులు, చిన్న కమతములు చేసికొనువారు, కూలివారు, రోగులును వారిని మోసికొని వచ్చినవారును అక్కడ నుండిరి. ఆ దేశమున కూలివాని బ్రదుకు ఎట్టిదో తెలిసికొనవలెనన్న మత్తయి 20వ అధ్యాయము చదువవలెను. తెల్లవారినది మొదలు సాయంకాలము అయిదు గంటలవరకు, ఎవడైన పనికి పిలుచునా యని సంతవీధిలో నిలిచియున్న మనుష్యులు అందు కనబడుదురు. నేడు మన పట్టణములలో కూలి అడ్డా యొద్ద టిఫినుకారేజి చేతబట్టుకొని నిలుచువారికి ఆ ఉపమానము విప్పి చెప్పనక్కరలేదు. కూలివానికి ఏనాటి కూలి ఆనాడే, ప్రొద్దు గ్రుంకకమునుపే ఇయ్యవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది (ద్వితీయోపదేశకాండము 24:15). ఏలయనగా వాని ప్రాణము ఆ కూలిమీదనే ఆధారపడియున్నది. మూడు మాసములకు సరిపడు గింజలు గాదెలో లేనివారితోనే ప్రభువు రేపటిని గూర్చి మాటలాడెను. ఆయనయు వడ్రంగి యింట పెరిగినవాడే గదా!

గనుక "మీకు తిండి యెందుకు, బట్ట యెందుకు" అని ఆయన చెప్పలేదు. ఇవన్నియు మీకు కావలెనని మీ తండ్రికి తెలియునని 32వ వచనములో స్పష్టముగా సెలవిచ్చెను. మన అవసరము చిన్నదని గాని, మన భయము వట్టిదని గాని ఆయన అనలేదు. దానిని ఎరిగినవాడొకడు కలడని చెప్పెను. ఈ రెంటికి ఎంత భేదమున్నదో, కష్టములో నున్నప్పుడు ఎవరైన మన మాట పూర్తిగా వినకుండ బుద్ధి చెప్పగా మనస్సు ఎట్లుండునో జ్ఞాపకము చేసికొనినయెడల తెలియును.

మరియొక సంగతి గమనింపవలెను. ఆయన ఈ బోధను "అందువలన" అనుచు ఆరంభించెను. దేనివలన? దాని పై వచనములో, ఇద్దరు యజమానులకు ఒక్కడు దాసుడుగా నుండలేడనియు, దేవునికిని సిరికిని కూడ సేవ చేయుట సాధ్యము కాదనియు చెప్పియుండెను. సిరికి ధనవంతుడు మాత్రమే దాసుడని మనము తలంతుము. అది పొరబాటు. ఉన్నది పోవునేమో యని ధనవంతుడు వణకును. లేనిది రాదేమో యని బీదవాడు వణకును. ఇద్దరిని కొట్టు యజమాని ఒక్కడే, ఆ కొరడాయు ఒక్కటే. కాబట్టి చింతపడకుడను మాట, కఠినుడైన యజమానియొద్దనుండి దాసుని విడిపించువాని మాట. విడిపింపబడవలసిన దాసుని చూచి "నీవు దాసుడవైతివి, సిగ్గు లేదా" అని ఎవడు తిట్టును?

కాకియు గడ్డియు

మత్తయి పక్షులని వ్రాయగా, లూకా కాకులని పేరుపెట్టి వ్రాసెను (లూకా 12:24). మన దేశమున కాకిని ఎవరును పెంచరు. పెరటిలో వడియములు ఎండబెట్టుకొనిన ఇల్లాలు దానిని చూచిన వెంటనే కఱ్ఱ తీయును. యూదులకు అది అపవిత్రమైన పక్షి (లేవీయకాండము 11:15). ఎవరికిని అక్కరలేని ఆ పక్షికిని దేవుడు ఆహారము పెట్టుచున్నాడు. ఊరి చివర వాడలో పుట్టి, పెద్దల వాకిట చెప్పులు విడిచి నిలువబడిన మన తాతముత్తాతలకు ఈ వాక్యము ఎంత తియ్యనై యుండునో ఆలోచించుడి.

అయితే కాకి గూటిలో నోరు తెరచుకొని కూర్చుండదు. మసక చీకటిలోనే లేచి పోవును. దేవుడు పోషించునని చెప్పి పొలమునకు పోవుట మానినవాడు ఈ వాక్యమునకు కాకి చెప్పు భాష్యమును వినవలెను. విత్తనములకు సొమ్ము సమకూర్చుకొనుట, పంటకు బీమా కట్టుట, బిడ్డ చదువునకు ముందుగా కొంత దాచుట చింత కాదు; అది గృహనిర్వాహకత్వము. పని ముగించి పడుకొనిన తరువాత మనస్సు మరల మరల అదే చాలు దున్నుచుండుట చింత. గానుగకు కట్టిన ఎద్దు తెల్లవార్లు నడచినను ఊరు దాటదు.

గడ్డిని గూర్చియు ప్రభువు చెప్పెను. ఆ దేశమున కట్టెలు కొరతగనుక ఎండిన గడ్డిని మట్టిపొయ్యిలో వేసి రొట్టెలు కాల్చుకొనెడివారు. నేడు పూచి రేపు పొయ్యిలోనికి పోవు దానికే అంత శృంగారము నిచ్చిన దేవుడు తన పిల్లలను మరచునా యని ఆయన అడిగెను. 34వ వచనములో రేపు మేలు కలుగునని మాట ఇచ్చెనా? లేదు. ఏనాటి కష్టము ఆనాటికి చాలుననెను, అనగా కష్టమున్నదని ఒప్పుకొనెను. అరణ్యములో ఇశ్రాయేలీయులకు మన్నా ఏనాటికానాడు కురిసినట్లు, బలమును ఏనాటిది ఆనాడే ఇయ్యబడును. రేపటికని దాచిన మన్నా పురుగుపట్టెను (నిర్గమకాండము 16:20). రేపటి కష్టమును ఈ రాత్రియే మోయబూనువానికి ఈ రాత్రి బలము మాత్రమే యున్నది, అందుచేత కూలిపోవుచున్నాడు.

ఒక్క మాటకు రెండు దారులు

క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడెనని మనకు తెలియును. మత్తయి 6:25–34లో చింతించుట అను అర్థమిచ్చు "మెరిమ్నావో" అను క్రియ ఆరు మారులు వచ్చుచున్నది. ఫిలిప్పీయులకు 4:6లో దేనిని గూర్చియు చింతపడవద్దని పౌలు వ్రాసినప్పుడును ఆ క్రియయే. అయితే అదే పత్రికలో 2:20 చూడుడి. తిమోతి వంటివాడు తనకు మరియొకడు లేడనియు, అతడు ఫిలిప్పీయుల క్షేమమును గూర్చి నిజముగా చింతించువాడనియు పౌలు మెచ్చుకొనుచున్నాడు. అక్కడను ఆ క్రియయే! కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, శరీరమందలి అవయవములు ఒకదానిని గూర్చి యొకటి చింత కలిగియుండవలెనని చెప్పిన చోటను అదియే (12:25). సంఘములన్నిటిని గూర్చిన చింత దినదినము తనమీద నున్నదని తన్ను గూర్చి చెప్పుకొనినప్పుడు వాడినదియు ఆ మాటకు చేరినదే (2 కొరింథీయులకు 11:28).

మరి పౌలు ఒక చోట వద్దన్న దానిని మరియొక చోట తానే చేసెనా? అట్లు కాదు. తన్ను గూర్చియే తిరుగుచుండు చింత యొకటి. పొరుగింటి గుమ్మమునకు నడచిపోవు చింత యొకటి. మొదటిది దేవునిమీద వేయవలసినది. రెండవది ఒకరినొకరు మోయవలసినది. క్రైస్తవుడు చింత మానుట అనగా రాతి గుండెతో నుండుట కాదు. తన భారము దేవుని చేతిలో పెట్టి, ఖాళీ అయిన చేతితో పొరుగువాని భారమునకు చేయివేయుటయే. మనమో, తరచుగా దీనిని తలక్రిందులు చేయుచున్నాము. మన భారము మనమే మోసికొనుచు, పొరుగువాని భారమును మాత్రము "దేవుడు చూచుకొనును" అని దేవునికి అప్పగించుచున్నాము.

మోపు ఎట్లు దించవలెను?

1 పేతురు 5:7లో చింతను దేవునిమీద వేయుట అను చోట వాడబడిన గ్రీకు క్రియ క్రొత్త నిబంధనలో రెండే చోట్ల కలదు. రెండవ చోటు లూకా 19:35. ప్రభువు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు తమ పైబట్టలు తీసి గాడిదపిల్లమీద వేసిరి. అట్లే మన భుజముమీద నుండి తీసి, మరియొక చోట వేయవలెనని అపొస్తలుడు చెప్పుచున్నాడు. ఆయన ఈ మాటను 55వ కీర్తననుండి తీసికొనెను. ఆ కీర్తన వ్రాసినవాడు పావురమువలె రెక్కలుండిన ఎగిరిపోయి యుందునని కోరినవాడు. కలిసి దేవుని మందిరమునకు నడచిన స్నేహితునిచేతనే మోసపోయినవాడు. పారిపోవలెనను కోరిక మొదట వచ్చెను, భారము దేవునిమీద వేయుట చివరి వచనములకు గాని రాలేదు. కీర్తనకారునికే అంత దూరము పట్టినది.

పొలమునుండి గడ్డిమోపు తెచ్చు ఆడపడుచులను మనము దినమును చూచుచున్నాము. మోపు బరువైనదైతే ఆమె తనంతట తాను తలకెత్తుకొనలేదు. దారిన పోవువారిని "అన్నా, కాస్త చెయ్యి వెయ్యి" అని పిలుచును. ఇంటికి చేరినప్పుడును దించుటకు మరియొకరి చేయి కావలెను. లేనియెడల మెడ పట్టివేయును. చింతల మోపును అట్టిదే. దేవునిమీద వేయుము అని దూరమునుండి చెప్పుట సులభము. దగ్గరకు పోయి, దించుటకు ఒక చేయి వేయుట సంఘము పని.

ఇక్కడ దాటిపోరాని మాట ఒకటి యున్నది. పేతురు 6వ వచనములో దేవుని చేతి క్రింద తగ్గించుకొనుడని చెప్పెను. 7వ వచనము గ్రీకులో వేరు వాక్యము కాదు, 6వ వచనముతో కలిసిన వాక్యమే. అనగా చింతను వేయుట తగ్గించుకొనుటలో నొక భాగము. ఇది ఎంత నిజము! మనము చింతను దించుకొనకుండ అడ్డుపడునది అనేక సమయములలో అవిశ్వాసము కాదు, పరువు. అప్పు ఎంత యున్నదో భార్యకు చెప్పని భర్త, అల్లుడు కొట్టుచున్నాడని అన్నదమ్ములకు చెప్పని కుమార్తె, పరీక్ష తప్పితినని తండ్రికి చెప్పని బిడ్డ — వీరు నలుగురిలో తల దించుకొనవలసి వచ్చునని మోపు మోయుచునే యున్నారు. తల వంచనిదే మోపు దిగదు.

చెరసాలనుండి వచ్చిన ఆదరణ

దేనిని గూర్చియు చింతపడకుడని వ్రాసిన పౌలు అప్పుడు సంకెళ్లలో నుండెను. ఆ మాటకు నాలుగు వచనములు పైగా చూచిన యెడల, యువొదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీలు ఏకమనస్సు లేక యుండినట్లు తెలియును. వారికి సహాయము చేయుమని ఒకనిని వేడుకొనుచున్నాడు. సంఘములోని తగవును ప్రక్కన బెట్టి సమాధానమును గూర్చి ప్రసంగింపలేదు. మన స్త్రీల సమాజములలో ఒకరితో నొకరు మాటలాడక, ఇరు ప్రక్కల చాపలమీద కూర్చుండి ఫిలిప్పీ 4:7 కంఠపాఠముగా చెప్పువారు ఈ వరుసను గమనింతురు గాక.

ఆ వచనములో దేవుని సమాధానము మన హృదయములను కాచునని చెప్పిన చోట సైనికుల కావలికి చెప్పు మాట వాడబడెను. దమస్కులో పౌలును పట్టుకొనుటకై పట్టణమునకు కావలి యుంచిరని చెప్పినప్పుడును అదే మాట (2 కొరింథీయులకు 11:32). ఫిలిప్పీ రోమా ప్రభుత్వము తన విశ్రాంత సైనికులకు భూములిచ్చి నిలిపిన పట్టణము. కావలి యనగా ఏమో అక్కడి బిడ్డలకును తెలియును. ఆ సంఘములో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములోని చెరసాల నాయకుని యింటివారును ఉండియుందురు. ఆయన వృత్తియే కావలి. కావలివాడు నిలుచుటచేత శత్రువు లేకుండ పోడు. శత్రువు గోడ వెలుపల నుండును, లోపలివారు నిద్రపోవుదురు.

మరి పౌలునకు ఆదరణ ఎట్లు వచ్చెను? ఆయనే చెప్పుచున్నాడు: మాసిదోనియకు వచ్చినప్పుడు వెలుపల పోరాటములు, లోపల భయములు ఉండెను, దీనులను ఆదరించు దేవుడు తీతు రాకచేత ఆదరించెను (2 కొరింథీయులకు 7:5–6). దేవుడు ఆదరించెను, తీతు వచ్చెను. ఈ రెండును వేరువేరు సంగతులు కావు. ఒక మనుష్యుడు దూరమునుండి నడచి వచ్చి ప్రక్కన కూర్చుండుటయే దేవుని ఆదరణయై యుండెను. ప్రభువైన యేసు సహితము గెత్సేమనేలో, ప్రాణము పోవునంత దుఃఖము కలిగినప్పుడు, ముగ్గురిని తనతోకూడ మెలకువగా నుండుమని అడిగెను (మత్తయి 26:38). వారు నిద్రపోయిరి. ఆయనకు దొరకని తోడును మనము ఒకరికొకరము ఇయ్యగలము.

కరవు కాలపు సాక్ష్యము

మన తెలుగు దేశమున 1876–78 సంవత్సరముల గొప్ప కరవును మన సంఘముల చరిత్ర మరువదు. వానలు తప్పి, గింజ దొరకక జనులు దారుల వెంట పడి చచ్చిరి. ఒంగోలులో నుండిన బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఆ కాలమున బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వించు పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపించెను. ఆయన క్రింది బోధకులే ఆ పనికి మేస్త్రీలుగా నుండి, విశ్రాంతి సమయమున కూలివారి ప్రక్కన కూర్చుండి దేవుని మాటలు చెప్పుచుండిరి. అన్నము కొరకే మతములో చేరిరను మాట రాకుండునట్లు, ఆ సహాయము జరుగుచుండగా బాప్తిస్మములు నిలిపివేసిరి. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్యను మనము ఉత్సవములలో గొప్పగా చెప్పుకొందుము. మేము దానికంటె ముందు జరిగిన దానినే తలంచుచున్నాము. రేపు బిడ్డకు ఏమి పెట్టుదునో యని చింతించుచున్న తల్లికి అక్కడ వాక్యము చెప్పిరి; చేతికి తట్ట ఇచ్చి కూలియు ఇచ్చిరి. చింతపడకుము అను మాట వెనుక ఆనాడు గింజలు కొనుటకు డబ్బులును ఉండెను.

భయపడినదే సంభవించినచో?

కొందరు అడుగుదురు: "మేము ప్రార్థించితిమి, చింతను ప్రభువుమీద వేసితిమి, అయినను భయపడినదే జరిగినది. ఇప్పుడేమందురు?" ఇది న్యాయమైన ప్రశ్న. సులభముగా జవాబు చెప్పి తప్పించుకొనుట తగదు.

1546 సంవత్సరారంభమున మార్టిన్ లూథరు మాన్స్‌ఫెల్డు ప్రభువుల తగవు తీర్చుటకై ఐస్లేబెను అను ఊరికి పోయెను. అప్పటికే ఆరోగ్యము చెడి యుండెను. ఇంటియొద్ద భార్య కేథరీన నిద్రాహారములు మాని చింతపడుచు ఉత్తరములు వ్రాసెను. ఆయన ఆమెను పరిహాసమాడుచు ఫిబ్రవరిలో జవాబులు వ్రాసెను. దేవుడు చేయవలసిన చింత నీవు చేయుచున్నావనియు, యోహాను సువార్తయు చిన్న కాటికిజమును చదువుకొనుమనియు, పశువుల తొట్టిలో పండుకొనినవాడు తన్ను కాచుచున్నాడనియు వాటి భావము. ఫిబ్రవరి 18న ఆయన ఆ ఊరనే కన్నుమూసెను. కేథరీన భయము వట్టిది కాకపోయెను. తరువాత యుద్ధము వచ్చి ఆమె ఇల్లు విడిచి పోవలసి వచ్చెను; లేమి చూచెను; 1552లో టోర్గౌ పట్టణమున మరణించెను.

మరి లూథరు చెప్పినది అబద్ధమా? తొట్టిలోని ప్రభువు తన్ను కాచునని చెప్పెను గాని తాను చావనని వ్రాయలేదు. రోమీయులకు 8వ అధ్యాయము చివరను పౌలు మరణమును, రాబోవు వాటిని, శ్రమను పేరుపేరున లెక్కించి, ఇవి రావని చెప్పలేదు; ఇవి వచ్చినను క్రీస్తు ప్రేమనుండి మనలను ఎడబాపలేవని చెప్పెను. ప్రార్థించినయెడల పంట తప్పదనియు, రోగము రాదనియు ప్రకటించు బోధకులు ఇటీవల ఊరూర బయలుదేరుచున్నారు. వారి కూటములలో ఆనాటికి ధైర్యము కలుగును. పంట పోయిననాడు వారు ఊరిలో ఉండరు. ఉండవలసినవారము మనము.

చింత వ్యాధియైనప్పుడు

ఇది కూడ చెప్పవలెను. కొందరికి చింత మనస్సు దాటి శరీరమును పట్టును. వారములకొలది నిద్ర లేకపోవుట, గుండె దడ, అన్నము సహింపకపోవుట, ఏ పనిమీదను చేయి ఆడకపోవుట, చచ్చిన బాగుండునను తలంపు — ఇవి వచ్చినప్పుడు అది వైద్యము కావలసిన స్థితి. ఏలీయాను జ్ఞాపకము చేసికొనుడి. కర్మెలుమీద అగ్ని దింపిన ప్రవక్త, అరణ్యములో చెట్టు క్రింద కూర్చుండి, ప్రాణము తీసికొనుమని దేవుని అడిగెను (1 రాజులు 19). దేవుడు ఆయనను గద్దింపలేదు, ప్రసంగమును చేయలేదు. నిద్రపోనిచ్చెను, దూతచేత రొట్టెయు నీళ్లును పంపెను, మరల నిద్రపోనిచ్చి మరల పెట్టెను. మాటలాడినది ఆ తరువాత. అటుపిమ్మట ఎలీషాను తోడుగా ఇచ్చెను.

హిజ్కియా ప్రార్థించెను, అంజూరపు ముద్దయు కట్టిరి (యెషయా 38:21). పౌలు వెంట లూకా వైద్యుడుండెను. కావున మందు వాడుట విశ్వాసమునకు విరోధమని ఎవరైన చెప్పిన వినకుడి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులను చూడవచ్చును. 2022 అక్టోబరులో ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ వారి 14416 నెంబరుకు ఏ వేళనైనను డబ్బు చెల్లింపకుండ ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. చచ్చెదనని ఎవరైన అన్నయెడల "ఊరకే అనుచున్నాడు" అని విడువకుడి. పురుగుమందు డబ్బాలు ఇంటిలోనుండి తీసి, తాళము వేసిన చోట పెట్టుడి. ఆ మనుష్యుని ఒంటరిగా ఉండనీయకుడి. మరునాడు తోడుగా ఆసుపత్రికి పోవుడి. అది ప్రార్థనకు తక్కువైన పని కాదు.

ఈ నెల కూటములలో

బుధవారపు కూటమునకు వచ్చువారికి ఒక మాట. ప్రార్థనాంశములు అడిగినప్పుడు "అందరి క్షేమము కొరకు" అని చెప్పి ఊరకుండుట మన అలవాటు. పౌలు విన్నపములు దేవునికి తెలియజేయవలెనని చెప్పెను. తెలియజేయుట యనగా పేరుపెట్టి చెప్పుట. అందరియెదుట చెప్పలేనివారు కాపరి యొద్దనో, బైబిలు స్త్రీ యొద్దనో, నమ్మకమైన ఒక పెద్ద యొద్దనో చెప్పవచ్చును. అయితే విన్నవారికి ఒక కట్టడి కలదు: విన్న మాట గడప దాటరాదు. ఇంటింటికి మోసికొనిపోయిన ప్రార్థనాంశము కొండెమగును. ఒక్కసారి అట్లు జరిగిన ఊరిలో ఇరువది ఏండ్లవరకు ఎవరును నోరు తెరువరు.

అప్పులలో నున్న కుటుంబము కొరకు ప్రార్థించినయెడల, లెక్క తెలిసిన ఇద్దరు వారితోకూడ కూర్చుండి వడ్డీ ఎంత, అసలు ఎంత అని కాగితముమీద వ్రాయుడి. కావలసినచో బ్యాంకువరకు తోడుపోవుడి. చీకటిలో కొండవలె కనబడినది కాగితముమీద వ్రాసిన తరువాత ఎంతో కొంత చిన్నదగుట మేము చూచియున్నాము. రాత్రి పడుకొనబోవునప్పుడు ఆనాడు దేవుడు చేసిన మేలు ఒక్కటి, చిన్నదైనను, బిడ్డల యెదుట పైకి చెప్పి కృతజ్ఞత చెల్లింపుడి. ఫిలిప్పీ 4:6లో విన్నపముతోకూడ కృతజ్ఞత చేర్చబడియున్నది గదా. మరియు కూటములో కొన్ని వారములుగా కనబడని వారెవరో చూచి, ఈ నెల ముగియకముందే వారి ఇంటికి పోవుడి. పోయినప్పుడు వాక్యము చెప్పుటకు తొందరపడకుడి. ముందు వినుడి.

వచ్చు నెల పఠన భాగము 42, 43 కీర్తనలు. ఈ రెంటిని ఒక్కటిగా కలిపి చదివి, కీర్తనకారుడు తన ప్రాణముతో తానే ఎన్ని మారులు మాటలాడెనో గుర్తుపెట్టుకొని రావలెనని కోరుచున్నాము.